కప్పు మీద ఊరి పేరు: హైదరాబాద్ కాఫీ షాపుల్లో కనిపిస్తున్న అరకు వెనక కథ

ఈ ఎపిసోడ్ మొదలుపెట్టే ముందు చేతిలో కాఫీ ఉంటే ఒక గుక్క తాగండి. లేకపోతే పెట్టుకుని రండి. ఎందుకంటే ఇవాళ మనం మాట్లాడుకునేది దాని గురించే.

ఈ మధ్య ఒక ఆదివారం పొద్దున బంజారాహిల్స్‌లో ఒక కాఫీ షాపుకి వెళ్ళాను. పాత ఇంటిని అలాగే ఉంచి షాపుగా మార్చారు. చెట్ల కింద బల్లలు, లాప్‌టాప్‌లు ముందేసుకుని కూర్చున్న కుర్రాళ్ళు, మూలన గింజలు వేయించే మిషను. గోడ మీద నల్లబోర్డు. ఒక పక్క కాపచినో, లాటే లాంటి మనకి తెలిసిన పేర్లు. ఇంకో పక్క సుద్దముక్కతో రాసిన రెండు మూడు లైన్లు: "అరకు, 1,100 మీటర్లు, నేచురల్." "చిక్కమగళూరు, 1,200 మీటర్లు, వాష్డ్."

అది చూడగానే నాకు రైల్వే స్టేషన్ పసుపు బోర్డు గుర్తొచ్చింది. ఊరి పేరు రాసి, కింద సముద్ర మట్టానికి ఎంత ఎత్తో రాస్తారు చూడండి, అచ్చం అలాగే ఉంది. కాఫీ అడిగితే ఊరి పేరు చెబుతున్నారేంటి అనిపించింది. కప్పు రెండు వందల ఎనభై రూపాయలు. అదే రోడ్డు దిగి కిందకి వస్తే ఇరవై, పాతిక రూపాయలకి ఇరానీ చాయ్ దొరుకుతుంది. ఆ చాయ్ అమ్మే ఆయన ఆకు ఏ తోటదో ఎప్పుడూ బోర్డు మీద రాయలేదు, మనం అడగనూ లేదు.

మరి కాఫీకి ఊరి పేరు ఎక్కడి నుంచి వచ్చింది? వెతుక్కుంటూ వెళ్తే నాకు అర్థమైంది ఏమిటంటే, ఇది కొత్తగా వచ్చిన పేరు కాదు, పోయి తిరిగొచ్చిన పేరు. ఎలా పోయింది, ఎవరు పోగొట్టారు, తిరిగొచ్చాక ఆ పేరు వల్ల ఎవరికి ఏం దక్కుతోంది అన్నదే ఇవాళ్టి కథ.

మొదట చాలా వెనక్కి వెళ్దాం. కాఫీ చెట్టు పుట్టిల్లు ఇథియోపియా. దాన్ని పానీయంగా చేసుకుని తాగడం గురించి గట్టి ఆధారాలు దొరికేది ఎర్ర సముద్రం అవతల ఉన్న యెమెన్‌లో, 15వ శతాబ్దంలో. రాత్రంతా మేలుకుని ప్రార్థన చేసుకునే సూఫీలు నిద్ర రాకుండా ఉండటానికి తాగేవారు. మనవాళ్ళు పరీక్షల ముందు రోజు రాత్రి చేసే పనే అన్నమాట. యెమెన్‌లో పండిన కాఫీ చాలావరకు ఒక రేవు నుంచి ఓడలెక్కేది. ఆ రేవు పేరు మోకా. అవును, ఇప్పుడు మీరు చాక్లెట్ కలిపి తాగే మోకా ఉంది కదా, అది అసలు ఒక ఊరి పేరు. చాక్లెట్‌కీ ఆ ఊరికీ ఏ సంబంధమూ లేదు.

ఇంకో పేరు చెప్తాను. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ చేసేవాళ్ళలో జావా తెలియని వాళ్ళు ఉండరు. 1995లో ఆ భాష బయటికొచ్చినప్పుడు దానికి పేరు పెట్టింది జావా కాఫీని చూసే. లోగోలో పొగలు కక్కే కప్పు అందుకే. జావా ఇండోనేషియాలో ఒక దీవి. అక్కడికి కాఫీ మొక్కలు ఎక్కడి నుంచి వెళ్ళాయో తెలుసా? 1690ల చివర్లో డచ్ వాళ్ళు మన మలబారు తీరం నుంచి పట్టుకెళ్ళారు. అంటే జావా అనే మాటకి వెనక మన పడమటి తీరం ఉంది. కాఫీ ప్రపంచానికి పరిచయమైనప్పుడు ఊరి పేరుతోనే పరిచయమైంది అన్నది ఇక్కడ గుర్తుపెట్టుకోండి.

మలబారు దాకా కాఫీ ఎలా వచ్చింది అంటే, బాబా బుడాన్ కథ చెప్తారు. 17వ శతాబ్దంలో ఆయన హజ్ యాత్రకి వెళ్ళి తిరిగొస్తూ, యెమెన్ నుంచి ఏడు కాఫీ గింజలు దాచి తెచ్చి కర్ణాటకలో చిక్కమగళూరు దగ్గర చంద్రగిరి కొండల్లో నాటాడని. మొలకెత్తే గింజ బయటికి పోకుండా అరబ్బులు జాగ్రత్తపడేవారట, అందుకే దాచి తేవాల్సి వచ్చిందట. ఏడు గింజల లెక్క నిజమో కాదో గానీ, ఆ కొండల్ని ఇప్పటికీ బాబాబుడాన్‌గిరి అనే పిలుస్తారు.

ఇక కాఫీ షాపుల సంగతి. 1550ల్లో ఇస్తాంబుల్‌లో కాఫీ ఇళ్ళు మొదలయ్యాయి. 1652లో లండన్‌లో మొదటిది తెరిచారు. ఒక పెన్నీ ఇస్తే కప్పు కాఫీ, దాంతో పాటు ఊళ్ళో వార్తలన్నీ. అక్కడ జనం కూర్చుని రాజు గురించి ఏం మాట్లాడుకుంటున్నారో అని భయపడి రెండో చార్లెస్ 1675 డిసెంబర్‌లో కాఫీ ఇళ్ళన్నీ మూసేయమని ఆజ్ఞ ఇచ్చాడు. జనం ఊరుకోలేదు. కొన్ని రోజుల్లోనే ఆ ఆజ్ఞ వెనక్కి తీసుకున్నాడు. కాఫీ షాపు అంటే కాఫీ అమ్మే చోటే కాదు, మనుషులు తీరిగ్గా కూర్చుని మాట్లాడుకునే చోటు అన్నది అప్పుడే ఖాయమైపోయింది.

హైదరాబాద్‌లో ఆ పని చాలాకాలం చాయ్ చేసింది. ఇరాన్ నుంచి బొంబాయి, పూనాల మీదుగా వచ్చిన కుటుంబాలు ఇక్కడ హోటళ్ళు పెట్టాయి. పాలరాయి బల్లలు, చెక్క కుర్చీలు, ఉస్మానియా బిస్కెట్, ఒక్క చాయ్ మీద రెండు గంటలు కూర్చున్నా లేవమనని యజమాని. అబిడ్స్‌లో ఓరియెంట్ హోటల్ అని ఉండేది. కవులు, చిత్రకారులు, విలేకరులు అక్కడే మకాం. ఇప్పుడది లేదు. అందుకే ఇవాళ ఎవరైనా 'ఈ కాఫీ షాపుల్లో గంటలు గంటలు కూర్చుంటారేంట్రా' అని మిమ్మల్ని అంటే, ఇది ఈ ఊరి పాత అలవాటే, గ్లాసు మారిందంతే అని చెప్పండి.

కాఫీ మాత్రం అప్పట్లో ఎక్కువగా మద్రాసు వైపు అలవాటు. కోస్తా, రాయలసీమ జిల్లాలు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేవి కదా, అటు నుంచి ఫిల్టర్ కాఫీ మన ఇళ్ళలోకి వచ్చింది. ఎంతగా వచ్చిందంటే మనవాళ్ళు కాఫీ మీద దండకం కూడా కట్టారు. మా ఇంట్లో ఇత్తడి ఫిల్టర్ ఉండేది. నెలకోసారి నాన్నతో కాఫీ పొడి కొట్టుకి వెళ్ళేవాణ్ణి. అక్కడ నాన్న అడిగే మాటలు నాకు ఇప్పటికీ నోటికొచ్చు: 'పీబెర్రీ సగం, ప్లాంటేషన్ ఏ సగం, చికోరీ కొంచెమే వెయ్యండి.' కొట్టాయన అప్పటికప్పుడు గింజలు కలిపి ఆడించి, వేడి వేడి పొడి పొట్లం కట్టి ఇచ్చేవాడు. ఆ పొట్లం ఇంటిదాకా మోసుకురావడం నా పని. చెయ్యి సాయంత్రం దాకా వాసనొచ్చేది.

ఇప్పుడు ఆ మాటలు ఒక్కసారి గమనించండి. పీబెర్రీ అంటే కాయలో రెండు గింజలు కాకుండా ఒకే గుండ్రటి గింజ ఉండటం. ప్లాంటేషన్ ఏ అంటే గింజ సైజుని బట్టి పెట్టిన గ్రేడు. చికోరీ అసలు కాఫీయే కాదు, ఒక మొక్క వేరు. మా నాన్న అంత జాగ్రత్తగా, అంత ప్రేమగా కాఫీ కొనేవాడు. కానీ ఆయన నోట్లో ఒక్క ఊరి పేరు కూడా వచ్చేది కాదు. ఎందుకు?

దానికి కారణం ఒక చట్టం. 1930ల్లో ప్రపంచమంతా ఆర్థిక మాంద్యం. కాఫీ ధర పడిపోయింది. మన దేశంలో కాఫీ తాగేవాళ్ళని పెంచాలని 1935లో ఒక కమిటీ పెట్టారు. 1936లో బొంబాయి చర్చ్‌గేట్‌లో మొదటి ఇండియా కాఫీ హౌస్ వచ్చింది. ఆ తర్వాత రెండో ప్రపంచ యుద్ధం. యూరప్ మార్కెట్ మూతపడింది. తోటల వాళ్ళు మునిగిపోయే పరిస్థితి. అప్పుడు వచ్చిందే 1942 కాఫీ చట్టం. దాని ప్రకారం ఎవరు పండించిన కాఫీ అయినా సరే, కాఫీ బోర్డుకే అప్పజెప్పాలి. బోర్డు దాన్నంతా ఒక చోట పోగేసి, గ్రేడు చేసి, వేలం వేసి అమ్మి, రైతుకి విడతల వారీగా డబ్బు ఇస్తుంది. దీన్నే పూలింగ్ అనేవాళ్ళు.

ఇది చెడ్డ ఆలోచన అని నేను అనను. ఆ రోజుల్లో అది లేకపోతే చాలామంది రైతులు తోటలు పీకేసుకునేవారు. అమ్ముడుపోతుందో లేదో అన్న భయం లేకుండా పోయింది. కానీ ఒకటి జరిగింది. కష్టపడి పండు పండు ఏరి, బాగా ఆరబెట్టిన వాడి గింజా, పక్కన పచ్చికాయా పండుకాయా కలిపి దూసేసిన వాడి గింజా ఒకే గ్రేడు దాటితే చాలు, ఒకే రాశిలో పడ్డాయి. గ్రేడు మిగిలింది. కొండ పోయింది, ఊరు పోయింది, మనిషి పోయాడు. యాభై ఏళ్ళ పైన ఈ పద్ధతే నడిచింది. మా నాన్నకి ఊరి పేరు తెలియకపోవడానికి కారణం ఆయన అడగకపోవడం కాదు, చెప్పడానికి కొట్టాయన దగ్గర కూడా లేకపోవడం.

మధ్యలో కాఫీ హౌస్‌ల కథ ఒక మలుపు తిరిగింది. 1950ల్లో బోర్డు తన కాఫీ హౌస్‌లు మూసేసి పనివాళ్ళని తీసేయడం మొదలుపెట్టింది. కమ్యూనిస్టు నాయకుడు ఎ.కె. గోపాలన్ ముందుండగా, ఆ పనివాళ్ళే సహకార సంఘాలు పెట్టుకుని 1957 నుంచి వాటిని సొంతంగా నడపడం మొదలుపెట్టారు. అదే ఇండియన్ కాఫీ హౌస్. వడ్డించేవాడే యజమాని. తలపాగా కట్టుకుని కాఫీ తెచ్చిచ్చే ఆ మనిషి వెనక ఇంత చరిత్ర ఉంది. అంటే కాఫీ అమ్మే చోట పనిచేసేవాళ్ళకి ఒక గుర్తింపు దొరికింది. పండించేవాడి వంతు ఇంకా రాలేదు.

సరే, ఇప్పుడు అరకు వెళ్దాం.

తూర్పు కనుమల్లో కాఫీ మొదట నాటింది 1898లో, తూర్పు గోదావరి ఏజెన్సీలోని పాములేరు లోయలో, ఒక బ్రిటిష్ ఆయన చేతుల మీదుగా అని చెబుతారు. 1920ల నాటికి అది అరకు, పాడేరు, చింతపల్లి, అనంతగిరి వైపు వచ్చింది. చింతపల్లి, 1920లు అనగానే మీకు ఇంకో పేరు తట్టాలి. అల్లూరి సీతారామరాజు. 1922 ఆగస్టులో ఆయన మనుషులు మొదట దాడి చేసింది చింతపల్లి పోలీసు స్టేషన్ మీదే.

ఆ పోరాటానికి ఒక ముఖ్య కారణం పోడు. పోడు అంటే కొండవాలు మీద కొంత అడవి నరికి, కాల్చి, ఆ బూడిదలో విత్తనం చల్లి, కొన్నేళ్ళకి నేల అలిసిపోగానే ఇంకో చోటికి మారడం. ఆదివాసీలు తరతరాలుగా బతికిన పద్ధతి. 1882 మద్రాసు అటవీ చట్టం వచ్చి అడవిని రిజర్వు చేసి, పోడుకి అడ్డుకట్ట వేసింది. నీ కొండ మీద నువ్వు గింజ చల్లితే నేరం. రంపలో, గూడెంలో నిప్పు రాజుకుంది అక్కడే.

స్వాతంత్ర్యం తర్వాత ప్రభుత్వం అదే పోడు సమస్యని ఇంకో దారిలో ఎత్తుకుంది. కాఫీకి నీడ కావాలి. నెత్తిన చెట్లు ఉంటేనే మంచి గింజ వస్తుంది. అంటే కాఫీ వేయాలంటే అడవి నరకక్కర్లేదు, ఉంచాలి. 1960ల్లో అటవీ శాఖ తోటలు వేసింది. తర్వాత కాఫీ బోర్డు, పాడేరు ఐటీడీఏ కలిసి ఆదివాసీ కుటుంబాల సొంత చెక్కల్లోనే కాఫీ వేయించడం మొదలుపెట్టాయి. పైన సిల్వర్ ఓక్, ఆ చెట్టుకి పాకిన మిరియాల తీగ, కింద కాఫీ. ఇవాళ బగత, వాల్మీకి, కొండదొర, కొటియ, గదబ, పోర్జ, ఖోండు కుటుంబాల దగ్గర ఒక ఎకరం, రెండెకరాల తోటలు వేలల్లో ఉన్నాయి. ఏ కొండల్లో పోడు కోసం తుపాకీ పట్టారో ఆ కొండల్లోనే కాఫీ పండుతోంది. 2022లో ఆ ప్రాంతాన్ని కొత్త జిల్లా చేసి పేరు పెట్టారు. అల్లూరి సీతారామరాజు జిల్లా, కేంద్రం పాడేరు.

ఇక్కడ కర్ణాటకకీ మనకీ పెద్ద తేడా ఉంది. కూర్గు, చిక్కమగళూరు అంటే పెద్ద పెద్ద ఎస్టేట్లు కూడా గుర్తొస్తాయి. వందల ఎకరాలు, బంగళా, యజమాని, కూలీలు. అరకులో ఎస్టేటు దొరలు ఎందుకు పెరగలేదు? దానికి కారణం కూడా ఒక చట్టమే. వన్ ఆఫ్ సెవెంటీ అని మీరు వినే ఉంటారు. 1970లో వచ్చిన ఒకటో నంబరు రెగ్యులేషన్. ఏజెన్సీలో భూమిని గిరిజనేతరులు కొనకూడదు. ఆ తర్వాత 1997లో సుప్రీం కోర్టు సమత తీర్పు ఇచ్చింది. అనంతగిరి మండలంలో గనుల లీజుల మీద మొదలైన కేసు అది. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో ప్రభుత్వ భూమిని కూడా ప్రైవేటు గనుల కంపెనీలకి లీజుకి ఇవ్వకూడదు అన్నారు. ఆ కొండల్లో బాక్సైట్ ఉంది మరి. ఈ రెండూ లేకపోతే, బోర్డు మీద అరకు అని రాసి ఉన్నా ఆ తోట ఏ కంపెనీదో అయ్యుండేది. కాఫీ కప్పులో చట్టం రుచి తెలియదు, కానీ అది ఉంది.

ఇప్పుడు పేరు ఎలా తిరిగొచ్చిందో చూద్దాం. మూడు దారులు కలిశాయి.

ఒకటి, మన దేశంలో చట్టం మారింది. మన కాఫీ బాగా కొనే సోవియట్ యూనియన్ 1991లో కూలిపోయింది. ఇక్కడ ఆర్థిక సంస్కరణలు మొదలయ్యాయి. 1990ల్లో పూలింగ్‌ని మెల్లమెల్లగా సడలించి, 1996 నాటికి రైతు తన కాఫీ ఎవరికైనా అమ్ముకోవచ్చు అన్నారు. అదే 1996లో బెంగళూరు బ్రిగేడ్ రోడ్డులో మొదటి కెఫె కాఫీ డే తెరిచారు. మన ముందు తరానికి కాఫీ షాపులో కూర్చోవడం నేర్పింది అదే.

రెండు, బయటి ప్రపంచంలో రుచి మారింది. 1974లో ఎర్నా నట్సన్ అనే ఆవిడ, అమెరికాలో కాఫీ గింజల వ్యాపారం చేసేది, స్పెషాలిటీ కాఫీ అనే మాట వాడింది. ఒక్కో ప్రాంతం వాతావరణం ఒక్కో ప్రత్యేకమైన రుచి ఇస్తుంది అన్నది ఆవిడ మాట. తర్వాత దానికి కొలత పెట్టారు. శిక్షణ ఉన్నవాళ్ళు రుచి చూసి నూటికి మార్కులు వేస్తారు. 80 దాటితే స్పెషాలిటీ. వాసన, తీపి, పులుపు, తాగాక నోట్లో మిగిలే రుచి, అన్నీ చూస్తారు. గ్రేడు అంటే గింజ సైజు అన్న లెక్క పోయి, రుచి అన్న లెక్క వచ్చింది. రుచి అనగానే ఊరు అవసరమైంది.

మూడు, ఆ కొండల్లోనే కొందరు పని మొదలుపెట్టారు. హైదరాబాద్ కేంద్రంగా ఉన్న నాంది ఫౌండేషన్ 2000ల నుంచి అరకు రైతులతో కలిసి పనిచేసింది. పండు పండినవే ఏరడం, గింజని జాగ్రత్తగా తయారుచేయడం మీద దృష్టి పెట్టారు. 2017లో పారిస్‌లో అరకు పేరుతోనే షాపు తెరిచారు. ప్రభుత్వం వైపు నుంచి గిరిజన సహకార సంస్థ, అంటే జీసీసీ, రైతుల దగ్గర కొని అరకు వ్యాలీ కాఫీ పేరుతో అమ్ముతోంది. 2019లో అరకు వ్యాలీ అరబికాకి జీఐ గుర్తింపు వచ్చింది. ఆంధ్రలోని కొండలతో పాటు పక్కనే ఉన్న ఒడిశా కొండలు కూడా అందులో ఉన్నాయి.

అదే సమయంలో ఢిల్లీలో, బెంగళూరులో గింజలు సొంతంగా వేయించే చిన్న చిన్న షాపులు పుట్టాయి. 2010ల చివరికి హైదరాబాద్‌లోనూ మొదలయ్యాయి. బంజారాహిల్స్, జూబ్లీహిల్స్, అక్కణ్ణుంచి గచ్చిబౌలి, కొండాపూర్ దాకా. నల్లబోర్డు మీద సుద్దముక్కతో ఊరి పేరు రాయడం మన ఊళ్ళో అలా మొదలైంది.

నా మొదటి గుక్క సంగతి చెప్పనా? పులుపు! పాలు లేవు, పంచదార లేదు, గాజు గ్లాసులో టీ డికాషన్‌లా ఎర్రగా ఉంది. 'ఇదేంటండీ, పాడైందా?' అని అడిగేశాను. ఆ కుర్రాడు నవ్వి, 'లేదు సార్, చల్లారనివ్వండి' అన్నాడు. ఐదు నిమిషాలాగి తాగితే, నేరేడు పండు తిన్నాక నాలిక మీద ఉండేలాంటి వగరు తీపి. అప్పుడు అర్థమైంది. కాఫీ గింజ అంటే ఒక పండు లోపలి గింజ. మరీ నల్లగా మాడ్చకుండా వేయిస్తే ఆ పండు గుణం మిగులుతుంది. బాగా ముదురుగా వేయిస్తే ఏ కొండ గింజైనా దాదాపు ఒకే చేదుకి వస్తుంది. నేచురల్ అంటే పండుని అలాగే ఎండబెట్టి తర్వాత గింజ తీయడం. వాష్డ్ అంటే ముందే గుజ్జు తీసేసి, పులియబెట్టి, కడిగి ఆరబెట్టడం. అయినా చింతకాయ, గోంగూర, మాగాయ తిని పెరిగిన మనం పులుపుకి భయపడటం ఏంటండీ?

అలాగని ఫిల్టర్ కాఫీ తక్కువ అని కాదు. పాలతో, చికోరీతో తాగే కాఫీ రుచి వేరు, దాని లెక్క వేరు. పొద్దున్నే నాకు ఇప్పటికీ అదే కావాలి. నేను చెప్పేది రుచిలో గొప్పా తక్కువా గురించి కాదు.

ఒక చిన్న లెక్క చేద్దాం. ఆరు కిలోల కాఫీ పండు నుంచి సుమారు ఒక కిలో పచ్చిగింజ వస్తుంది. వేయిస్తే అందులో ఆరో వంతు దాకా బరువు పోతుంది. ఒక కప్పుకి 18 గ్రాములు వాడితే, ఆ ఆరు కిలోల పండు నలభై అయిదు కప్పులకి కాస్త అటూ ఇటూ. అంటే మీరు తాగే ఒక్క కప్పు వెనక అరవై, డెబ్భై పళ్ళు ఉన్నాయి. గుత్తిలో అన్నీ ఒకేసారి పండవు. ఎర్రబడినవి కోసి, పచ్చివి వదిలి, మళ్ళీ కొన్ని రోజులకి అదే చెట్టు దగ్గరికి రావాలి. నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా, చలిలో, కొండవాలు మీద. ఇదంతా చేత్తోనే. ఎక్కువగా ఆడవాళ్ళ చేతులే.

ఇప్పుడు అసలు ప్రశ్న. ఊరి పేరు తిరిగొచ్చింది, సంతోషం. కానీ బోర్డు మీద పేరు వచ్చినంత మాత్రాన రైతు చేతిలోకి డబ్బు వచ్చినట్టేనా? కాదు. జీఐ అన్నది ప్రాంతం పేరుని కాపాడుతుంది, ధరని కాదు. రెండు వందల ఎనభైలో షాపు అద్దె ఉంది, పాలు, కరెంటు, జీతాలు, మిషను వాయిదాలు, పన్ను ఉన్నాయి. అవన్నీ న్యాయమైనవే. కానీ ఆ పేరు వల్లే కప్పుకి అంత ధర పలుకుతోంది కదా, మరి ఆ పేరు ఇచ్చిన కొండకి ఎంత చేరింది అని అడిగే హక్కు తాగేవాడికి ఉంది. 1942 నుంచి 1996 దాకా అడుగుదామన్నా జవాబు ఉండేది కాదు, అన్నీ ఒకే రాశిలో ఉండేవి కాబట్టి. ఇప్పుడు జవాబు ఉంది. కాబట్టి అడగకపోతే తప్పు మనదే.

కష్టం ఒక్క ధర దగ్గరే ఆగదు. 2025లో అరకు తోటల్లో కాయతొలుచు పురుగు కనిపించింది. ఈకంత కూడా ఉండదు, పండులో చిన్న బెజ్జం చేసుకుని లోపలికెళ్ళి గింజని తినేస్తుంది. ఎకరం తోట ఉన్నవాడికి ఒక్క పంట పోతే తట్టుకునే దన్ను ఉండదు. వానలు తప్పితే పూత దెబ్బతింటుంది. పెద్ద ఎస్టేటు ఒక ఏడాది నష్టాన్ని మోస్తుంది. ఈ కుటుంబాలు మోయాలంటే, మంచి ఏడాదిలో మంచి ధర దొరికి ఉండాలి.

అందుకే ఈసారి మీరు కాఫీ షాపుకి వెళ్ళినప్పుడు, ఫోటో తీసుకోండి, రీల్ చేసుకోండి, తప్పేం లేదు. దాంతో పాటు కౌంటర్ దగ్గర నాలుగు మాటలు అడగండి. ఇది ఏ ఊరిది? ఎప్పుడు కోసిన పంట? ఎప్పుడు వేయించారు? రైతుల దగ్గర నేరుగా కొన్నారా, మధ్యలో ఎవరి ద్వారానైనా కొన్నారా? మంచి షాపు వాళ్ళు ఈ ప్రశ్నలకి విసుక్కోరు, కుర్చీ లాక్కుని కూర్చుని చెప్తారు. చెప్పలేకపోతే ఆ పేరు బోర్డు మీద అలంకారానికి ఉందని తెలిసిపోతుంది.

నేను కూడా ఆ ఆదివారం అడిగాను. ఆ కుర్రాడు కాసేపు ఆలోచించి, లోపలికెళ్ళి గింజల సంచీ పట్టుకొచ్చాడు. వెనక్కి తిప్పి ఇద్దరం కలిసి చదివాం. మండలం పేరు ఉంది. ఎత్తు ఉంది. పంట ఏడాది ఉంది, వేయించిన తేదీ ఉంది. పండించిన వాళ్ళ పేరు దగ్గర ఏమీ లేదు. 'ఇన్నాళ్ళుగా ఇక్కడ చేస్తున్నాను, ఇది నేనెప్పుడూ చూడలేదు సార్' అన్నాడు. మా వాళ్ళని అడిగి కనుక్కుంటాను అన్నాడు. వచ్చేవారం మళ్ళీ వెళ్తాను, కనుక్కున్నాడో లేదో చూడాలి.

మా నాన్న కాఫీ కొట్టులో గ్రేడు దాకా అడిగాడు. నేను మండలం దాకా వచ్చాను. మిగిలిన దూరం మీ తరం నడుస్తుందని నా ఆశ. ఉంటానండి, వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.